షుగర్ పేషెంట్ల డాష్‌బోర్డ్: ఫార్మసిస్ట్ తానే తయారుచేసుకుని రోజూ వాడుకోవడం ఎలా

పొద్దున కౌంటర్ తెరిచేముందు ఫార్మసిస్టుకు తెలియాల్సిన మాట ఒకటుంది: ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలి? మన దగ్గర పేరు రాయించుకున్న షుగర్ పేషెంట్లలో ఎవరి మందులు అయిపోయి వారం దాటింది, ఎవరి రిపోర్టు డాక్టర్ చూడకుండా పడి ఉంది, ఎవరు మూడు నెలలుగా కనిపించడం లేదు? కంప్యూటర్ తెర మీద ఈ పేర్లు చెప్పగలిగేదే డాష్‌బోర్డ్. ఎన్ని గ్రాఫులున్నా ఈ పేర్లు చెప్పలేకపోతే పేషెంటుకు దానివల్ల ఒరిగేది లేదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. ఓపీలో డాక్టర్ ఒక్కో మనిషికి ఇచ్చే కొద్ది నిమిషాల్లో మందులు ఎలా వేసుకుంటున్నారో, ఎందుకు మానేశారో అడిగే తీరిక ఉండదు. ఫార్మసిస్ట్ సంగతి వేరు. మందుల కోసం పేషెంట్ నెలనెలా వచ్చేది మన దగ్గరికే. ఆ రాకపోకల్లోనే బోలెడంత సమాచారం ఉంది, దాన్ని మనం రాసి పెట్టుకోవడం లేదు అంతే. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ నగరం 1990లలో ఈ దారి పట్టింది. షుగర్ ఉన్న నగర ఉద్యోగులకు శిక్షణ పొందిన ఫార్మసిస్టులను జత చేసి, వాళ్ళతో క్రమం తప్పకుండా కూర్చుని మాట్లాడించారు. మందులకు జేబులోంచి కట్టే డబ్బు మాఫీ చేశారు. షుగర్ కొన్ని నెలలుగా సగటున ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ, అందులో అంకె తగ్గిందని 2003లో ఫలితాలు ప్రచురించారు.

నేను రాస్తున్నది కార్పొరేట్ ఆసుపత్రుల సంగతి కాదు. మూడు, నాలుగు వందల మంది షుగర్ పేషెంట్లు, ఒక డాక్టర్, ఒక క్లినికల్ ఫార్మసిస్ట్, ఒక నర్సు, ఒక మామూలు కంప్యూటర్ ఉన్న క్లినిక్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. గూగుల్ షీట్స్ గానీ ఎక్సెల్ గానీ చాలు.

మొదటి అడుగు: ఎవరి పని ఎంతవరకో కాగితం మీద పెట్టండి

అమెరికాలో డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకున్న ఫార్మసిస్ట్, ఆ ఒప్పందం మేరకు డోస్ కూడా మార్చగలరు. మన దగ్గర ఆ అధికారం లేదు. మందు రాయడం, మార్చడం డాక్టర్ పని. పేషెంటుకు మందుల గురించి కౌన్సెలింగ్ ఇవ్వడాన్ని మాత్రం 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఫార్మసిస్ట్ బాధ్యతల్లో చేర్చాయి.

అందుకే ముందు ఒక పేజీ ప్రొటోకాల్ రాసుకుని డాక్టర్‌తో సంతకం పెట్టించుకోండి. ఫార్మసిస్ట్ స్వయంగా చేసేవి: ఫోన్ చేయడం, మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, ఇన్సులిన్ ఎలా వేసుకుంటున్నారో చూడటం, గడువు దాటిన పరీక్షలు గుర్తుచేయడం. డాక్టర్‌కు అదే రోజు చెప్పాల్సినవి ఏవి, వారం మీటింగ్ దాకా ఆగగలిగేవి ఏవి అన్నది కూడా ఆ పేజీలోనే ఉండాలి. డాష్‌బోర్డ్‌లో ఎర్ర రంగు ఎప్పుడు వెలగాలన్నది ఈ కాగితమే చెబుతుంది. ఇది లేకుండా షీట్ తెరిస్తే ప్రతి అలర్టుకూ కొత్తగా వాదన మొదలవుతుంది.

రెండో అడుగు: రిజిస్టర్‌ను శుభ్రంగా కట్టండి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. రెండు షీట్లు తెరవండి. మొదటిది పేషెంట్ షీట్, మనిషికి ఒక వరుస. రెండోది విజిట్ షీట్, వచ్చిన ప్రతిసారికీ, చేసిన ప్రతి ఫోన్‌కూ ఒక వరుస. చాలామంది ఒకే షీట్‌లో జనవరి షుగర్, ఫిబ్రవరి షుగర్ అంటూ కాలమ్‌లు పక్కకు పెంచుకుంటూ పోతారు. ఆరు నెలలకే అది ఎవరికీ అర్థం కాకుండా పోతుంది, ఫార్ములాలూ పనిచేయవు.

రెండు షీట్లనూ కలిపేది పేషెంట్ నంబరు. పేరుతో కలపాలని చూడకండి. ఒకే మనిషి ఆధార్‌లో వెంకటేశ్వర్లు, పాత చీటీలో వెంకటేశ్వరరావు, ల్యాబ్ రిపోర్టులో ఇంటిపేరు ముందో వెనకో ఉంటారు. ఫోన్ నంబరూ నమ్మకం లేదు. ఇంట్లో నలుగురికీ ఒకటే ఫోన్, అదీ కొడుకు జేబులో ఉంటుంది. క్లినిక్ ఇచ్చిన నంబరును పేషెంట్ పుస్తకం అట్ట మీద పెద్దగా రాయండి. ఫోన్ నంబరు పక్కన అది ఎవరిదో, వాళ్ళు పేషెంటుకు ఏమవుతారో, ఏ టైమ్‌లో చేస్తే దొరుకుతారో ఒక కాలమ్ పెట్టండి. ఆ చివరి కాలమ్ వల్ల మాకు ఆదా అయినంత టైమ్ మరి దేనివల్లా కాలేదు.

పేషెంట్ షీట్‌లో వయసు, ఆడ/మగ, షుగర్ బయటపడిన సంవత్సరం, ఇతర జబ్బులు, ప్రస్తుతం వాడుతున్న మందులు, డాక్టర్ ఆ మనిషికి పెట్టిన హెచ్‌బీఏ1సీ లక్ష్యం ఉండాలి. లక్ష్యం అందరికీ ఒకటే కాదు. సాధారణంగా 7 శాతం లోపు అనుకుంటాం. ఎనభై ఏళ్ళ వయసులో, గుండె జబ్బూ కిడ్నీ జబ్బూ ఉండి, ఒంటరిగా బతుకుతున్న మనిషికి డాక్టర్ 8 అని పెట్టవచ్చు. ఆ కాలమ్ లేకపోతే డాష్‌బోర్డ్ ఆ పెద్దాయన్ను ఎప్పుడూ ఎరుపులో చూపిస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు డోస్ పెంచాలని తొందరపడతారు.

మందులను బ్రాండ్ పేరుతో కాకుండా మందు పేరుతో రాయండి. మన దగ్గర ఒకే మందుకు లెక్కలేనన్ని బ్రాండ్లు, వాటిలో రెండు మూడు మందులు కలిపిన మాత్రలే ఎక్కువ. ఒక డాక్టర్ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రాస్తారు. ఊళ్ళో ఇంకో డాక్టర్ విడిగా మెట్‌ఫార్మిన్ రాస్తారు. పేషెంట్ రెండూ వేసుకుంటారు. బ్రాండ్ పేర్లు మాత్రమే ఉన్న షీట్‌లో అది ఎవరి కంటా పడదు.

ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇంకో కాలమ్ తప్పనిసరి: వయలా, పెన్నా, ఏ సిరంజి? మన దగ్గర వయల్స్‌లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. పెన్ కార్ట్రిడ్జుల్లో ఉండేది 100 యూనిట్లది. 40 వయల్‌కు, ఆ ఇన్సులిన్ లెక్కకే గీతలు గీసిన 40 సిరంజే వాడాలి. పొరపాటున 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగడం లేదో తెలియక డోస్ పెంచుకుంటూ పోతారు. ఎవరో ఒకరు సరైన సిరంజి ఇచ్చిన రోజున షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఎంట్రీలో జరిగే తప్పులను షీటే ఆపేలా చేయండి. డేటా వ్యాలిడేషన్ అనే సదుపాయం దీనికే ఉంది. హెచ్‌బీఏ1సీ 3 నుంచి 20 మధ్య ఉంటేనే తీసుకోమని పెడితే, 7.5 బదులు 75 కొట్టినప్పుడు వెంటనే తెలుస్తుంది. తేదీలో నెలను అక్షరాల్లో కనిపించేలా పెట్టండి. 05/06 అంటే మే నెలో జూన్ నెలో కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి మారిపోతుంది. షుగర్ రీడింగ్ పక్కన పరగడుపుదా, తిన్న రెండు గంటల తర్వాతదా, ఎప్పుడో మధ్యలోదా అన్నది జాబితాలోంచి ఎంచుకోవాల్సిందే. పరగడుపున 180కీ, తిన్నాక 180కీ చాలా తేడా ఉంది. పరీక్ష చేయకపోతే గడి ఖాళీగా వదలాలి. సున్నా వేస్తే సగటు మొత్తం పాడవుతుంది.

మూడో అడుగు: ఎంతమందిలో ఎంతమంది?

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. నేను అప్పట్లో పనిచేసిన చోట మొదటి డాష్‌బోర్డ్ తయారుచేసి ఆరు నెలలైంది. కంట్రోల్‌లో ఉన్నవాళ్ళ శాతం నెలనెలా పెరుగుతోంది. మేమంతా సంబరపడ్డాం. ఆ మధ్యనే ఒకాయన కాలి వేలికి నల్లగా పుండుతో వచ్చారు. రిజిస్టర్‌లో ఆయన పేరుంది, డాష్‌బోర్డ్‌లో ఎక్కడా లేదు. వెతికితే తెలిసింది: మా ఫార్ములా గత మూడు నెలల్లో వచ్చినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటోంది. రావడం మానేసినవాళ్ళు లెక్కలోంచే జారిపోతున్నారు. మానేసేవాళ్ళలో షుగర్ ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి, వాళ్ళు పోయినకొద్దీ మా శాతం అందంగా కనిపించింది. ఆయన వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఫార్ములా రాసింది నేనే.

ఉదాహరణకు రిజిస్టర్‌లో 400 మంది ఉన్నారనుకోండి. వాళ్ళలో గత ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ చేయించుకున్నవాళ్ళు 240. అందులో లక్ష్యం లోపల ఉన్నవాళ్ళు 150. 150ని 240తో భాగిస్తే 62.5 శాతం. 400తో భాగిస్తే 37.5 శాతం. చూపించాల్సింది రెండోది. పరీక్ష చేయించుకోని 160 మందిని ఎక్కడా దాచకుండా ‘తెలియదు’ అని విడిగా, కంట్రోల్‌లో ఉన్నవాళ్ళ పక్కనే అదే సైజులో చూపించండి.

ఇది నా ఒక్కడి పట్టుదల కాదు. అమెరికాలో ఆరోగ్య బీమా పథకాల నాణ్యత కొలిచే హెడిస్ లెక్కల్లో, ఆ ఏడాది హెచ్‌బీఏ1సీ పరీక్షే లేని షుగర్ పేషెంటును కంట్రోల్ బొత్తిగా లేనివాళ్ళ కింద, అంటే 9 శాతం దాటినవాళ్ళతో కలిపి లెక్కేస్తారు. మన దేశంలో బీపీ అదుపు కోసం 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్‌లో తెలంగాణ మొదటి ఐదు రాష్ట్రాల్లో ఒకటి. ఆ కార్యక్రమంలో పలుచోట్ల వాడిన సింపుల్ యాప్ కూడా బీపీ పేషెంట్లను కంట్రోల్‌లో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, రాకుండా పోయినవాళ్ళు అని విడగొట్టి చూపిస్తుంది. రాకుండా పోయినవాళ్ళకు సొంత గడి ఉండటమే అందులో నాకు నచ్చింది.

కొత్తగా చేరినవాళ్ళను మాత్రం మొదటి మూడు నెలలు ఈ శాతంలో కలపకండి. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చూపిస్తుంది. నిన్న చేరిన మనిషి రీడింగ్‌కు మన పనితో సంబంధం లేదు.

హెచ్‌బీఏ1సీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించినా, డయాలసిస్ జరుగుతున్నా తక్కువ చూపించవచ్చు. మన దగ్గర ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. అందుకే హిమోగ్లోబిన్ కాలమ్ ఒకటి పెట్టండి. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటు షుగర్ సుమారు 154, 8 అంటే 183, 9 అంటే 212. ఇంట్లో, క్లినిక్‌లో చూసిన రీడింగులకూ దీనికీ పొంతన లేకపోతే ఆ పేరు డాక్టర్ జాబితాలోకి వెళ్ళాలి.

నాలుగో అడుగు: మందులు చేతిలో ఉన్న రోజులు

ఇది పూర్తిగా ఫార్మసిస్ట్ సొంత కొలత. ఏ తేదీన ఎన్ని రోజులకు సరిపడా మందు ఇచ్చామో మన బిల్లుల్లోనే ఉంటుంది. 90 రోజుల్లో ఎన్ని రోజులు ఆ మనిషి దగ్గర మందు ఉందో లెక్కేయడమే. మొదటి రోజు 30 రోజుల మందు తీసుకున్నారు. మళ్ళీ 40వ రోజు వచ్చి ఇంకో 30 రోజులకు, 75వ రోజు వచ్చి మరో 30 రోజులకు తీసుకున్నారు. 1 నుంచి 30, 40 నుంచి 69, 75 నుంచి 90: మొత్తం 76 రోజులు. 90లో 76 అంటే 84 శాతం. 80 శాతం దాటితే ఫర్వాలేదన్నది అంతటా వాడుకలో ఉన్న గీత.

ఈ లెక్కకు మూడు పరిమితులున్నాయి. మందు ఇంట్లో ఉన్నంత మాత్రాన వేసుకున్నట్టు కాదు. పేషెంట్ ఈ నెల జన్ ఔషధి దుకాణంలో కొనుక్కుంటే మన లెక్కలో మానేసినట్టు పడుతుంది. ఇన్సులిన్‌కు ఈ లెక్క సరిపోదు, ఎందుకంటే డోస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఒక వయల్ ఎన్నాళ్ళు వస్తుందో ముందుగా చెప్పలేం. అందువల్ల ఈ శాతాన్ని ఎవరి మీదా తీర్పుగా వాడకండి. ఫోన్ చేయడానికి అదొక కారణం, అంతవరకే.

స్టాక్‌ను కూడా ఇదే షీట్‌కు కలపండి. మెట్‌ఫార్మిన్ ఇంకా ఎన్ని రోజులకు వస్తుంది, ఇన్సులిన్ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అన్నవి రోజూ కనిపించాలి. దూరం ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, మందు లేదనిపించుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ నెల రావడం కష్టం.

ఐదో అడుగు: అలర్టులు కొన్నే పెట్టండి

ఇరవై రకాల అలర్టులు పెడితే వారం తిరక్కుండానే వాటిని చూడటం మానేస్తారు. ఎరుపు రంగు అదే రోజు డాక్టర్‌కు చెప్పాల్సినవాటికే ఉంచండి:

- షుగర్ 70 కంటే తక్కువ వచ్చినా, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం ఉందని పేషెంట్ చెప్పినా. 54 కంటే తక్కువైతే ఫోన్ పెట్టేయకుండానే డాక్టర్‌ను పిలవాలి.
- షుగర్ 300 దాటి, వాంతులో ఆయాసమో ఉంటే.
- మెట్‌ఫార్మిన్ వాడుతూ, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే తక్కువ ఉంటే. ఆ స్థితిలో మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 30–45 మధ్య ఉంటే డోస్ గురించి డాక్టర్ చూడాలి.
- కాలి మీద పుండు, రంగు మారడం, చీము.

పసుపు రంగులోకి మందులు అయిపోయి వారం దాటినవాళ్ళు, హెచ్‌బీఏ1సీ 9 దాటినవాళ్ళు, పరీక్ష గడువు దాటినవాళ్ళు వస్తారు. లక్ష్యం చేరనివాళ్ళకు హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి, చేరినవాళ్ళకు కనీసం ఏడాదికి రెండుసార్లు. కంటి రెటీనా, పాదాల పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ ఏడాదికోసారి. ప్రతి అలర్టు పక్కన ఎవరు చూడాలి, ఎప్పటిలోగా అన్నది ఉండాలి. పేరు లేని అలర్టును అందరూ చూస్తారు, ఎవరూ ఫోన్ చేయరు.

మన పండగలకూ, పనుల రోజులకూ ఒక జాబితా తయారుచేసుకోండి, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు. రంజాన్‌కు నాలుగైదు వారాల ముందు, కార్తీక మాసానికీ శివరాత్రికీ రెండు వారాల ముందు, కడుపు ఖాళీగా ఉంటే షుగర్‌ను మరీ దింపేసే గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మందులూ ఇన్సులినూ వాడేవాళ్ళ పేర్లను ఫిల్టర్ చేసి బయటికి తీయండి. ఉపవాసం ఉంటారా అని ముందే అడిగి డాక్టర్‌తో మాట్లాడించండి. ఉపవాసం వద్దని మందలిస్తే చాలామంది చెప్పకుండా ఉంటారు. నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు క్లినిక్‌కు రాలేనివాళ్ళు ఎవరో రిజిస్టర్ చూస్తే తెలిసిపోతుంది. వాళ్ళకు డాక్టర్ అనుమతితో రెండు నెలల మందు ముందే ఇవ్వండి.

ఆరో అడుగు: స్క్రీన్ మీద ఏముండాలి

పై వరుసలో నాలుగు అంకెలు: మొత్తం పేషెంట్లు, లక్ష్యం లోపల ఉన్నవాళ్ళు, లక్ష్యం దాటినవాళ్ళు, తెలియనివాళ్ళు. దాని కింద స్క్రీన్‌లో సగం పైగా ఈ రోజు ఫోన్ చేయాల్సినవాళ్ళ జాబితా. గ్రాఫులు వేరే ట్యాబ్‌లో ఉంటే చాలు.

షీట్స్‌లో దీనికి కావాల్సిన ఫార్ములాలు నాలుగే. ఒక్కో పేషెంట్ చివరిసారి ఎప్పుడు వచ్చారో మ్యాక్స్‌ఇఫ్స్ విజిట్ షీట్‌లోంచి తెస్తుంది. ఫోన్ చేసినదీ వచ్చినట్టు లెక్కపడకుండా, ‘విజిట్’ అని ఉన్న వరుసలనే చూడమని షరతు పెట్టండి. ఆ తేదీకి మందు ఇచ్చిన రోజులు కలిపి, టుడే ఫార్ములా ఇచ్చే ఇవాళ్టి తేదీలోంచి తీసేస్తే మందు అయిపోయి ఎన్ని రోజులైందో వస్తుంది. కౌంట్‌ఇఫ్స్‌తో పై అంకెలు, ఫిల్టర్‌తో జాబితా. రంగుల కోసం కండిషనల్ ఫార్మాటింగ్. రంగుతో పాటు మాట కూడా రాయండి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్ళు మన సిబ్బందిలోనూ ఉంటారు. తర్వాత కావాలంటే గ్రాఫులు, రిపోర్టులు తయారుచేసే లుకర్ స్టూడియోకో పవర్ బీఐకో కలుపుకోవచ్చు, తొందరేం లేదు.

ఏడో అడుగు: ఫోన్

డాష్‌బోర్డ్ చేసే మేలంతా ఇక్కడే జరుగుతుంది. రోజూ పొద్దున అరగంట, ఎనిమిది పది పేర్లు. ఒక ఫోన్ ఎలా సాగిందో చెబుతాను. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజుకు రెండు చొప్పున 60 మాత్రలు ఇచ్చి నలభై రోజులైంది. మందు అయిపోయి పది రోజులని షీట్ చూపిస్తోంది.

“నమస్తే అమ్మా, క్లినిక్ నుంచి ఫార్మసిస్టుని మాట్లాడుతున్నా. ఒంట్లో ఎలా ఉంది?”

“బానే ఉందయ్యా.”

“పోయినసారి ఇచ్చిన మాత్రలు ఏమైనా మిగిలాయా అమ్మా? ఒకసారి కవర్ తీసి చూస్తారా?”

కాసేపు చప్పుడు. “రెండు అట్టలున్నాయి.”

“పదేసి మాత్రలవేనా? అంటే రోజుకు ఒకటే వేసుకుంటున్నారు కదమ్మా. ఏమైనా ఇబ్బందిగా ఉందా?”

“పొద్దున్నే కూలికి పోతానయ్యా. అది ఏసుకుని పోతే పదకొండింటికల్లా కళ్ళు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. అందుకే పొద్దుటిది మానేశా.”

షీట్ ప్రకారం ఆమె మందులు సరిగా వాడని పేషెంట్. నిజానికి ఆమెకు లో షుగర్ వస్తోంది. తన ప్రాణం కాపాడుకోవడానికే ఒక మాత్ర మానేసింది. ఆ రోజే డాక్టర్‌కు చెప్పాం, మందు మార్చారు. “ఎందుకు వేసుకోవడం లేదు” అని నేను గద్దించి ఉంటే “వేసుకుంటున్నానయ్యా” అని ఫోన్ పెట్టేసేది.

అందుకని మాట్లాడే క్రమం ముఖ్యం. ముందు ఆరోగ్యం, తర్వాత మాత్రల లెక్క, తర్వాత ఇబ్బంది, చివర్లో ఎప్పుడు వస్తారన్నది. ఫోన్ పెట్టగానే ఫలితాన్ని జాబితాలోంచి ఎంచుకోండి: మాట్లాడాం, ఎత్తలేదు, నంబరు పనిచేయడం లేదు, వేరే ఊళ్ళో ఉన్నారు, వేరే చోట చూపించుకుంటున్నారు, చనిపోయారు. మందు మానేసిన కారణానికి వేరే కాలమ్: డబ్బు, కళ్ళు తిరగడం, కడుపులో ఇబ్బంది, నాటు మందు, తగ్గిపోయిందనుకోవడం, తీసుకొచ్చేవాళ్ళు లేకపోవడం. మూడు నెలలయ్యాక ఆ కాలమ్‌ను లెక్కపెట్టి చూడండి. డబ్బే మొదటి కారణమైతే చవక జెనరిక్స్ గురించి, కడుపు ఇబ్బంది అయితే మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకోవడం గురించి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర గురించి డాక్టర్‌తో మాట్లాడవచ్చు. మూడుసార్లు ఎత్తనివాళ్ళ సంగతి ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. అలా చెప్పడానికి పేషెంట్ చేరేటప్పుడే ఒప్పుకుని ఉండాలి.

ఎనిమిదో అడుగు: వారానికోసారి డాక్టర్‌తో

సోమవారం అరగంట. పది పేర్లకు మించి తీసుకెళ్ళకండి. ఈ మీటింగ్‌కు ప్రాణం ఒకే కాలమ్: వరుసగా రెండు హెచ్‌బీఏ1సీలు లక్ష్యం దాటినా మందుల చీటీ మారని పేషెంట్లు. తప్పు పేషెంటుదే అనుకుంటూ, ‘కాస్త ఆహారం చూసుకోండి’ అని పంపేస్తూ ఏడాది గడిచిపోయిన కేసులు ప్రతి క్లినిక్‌లోనూ ఉంటాయి. ఈ జాబితాను డాక్టర్ ముందు పెట్టేటప్పుడు మన దగ్గర ఉన్న సమాచారం కూడా పెట్టాలి: మందు 90 శాతం రోజులు చేతిలో ఉంది, మాత్రల లెక్క సరిపోయింది, ఇన్సులిన్ వేసుకునే తీరు చూశాం, సూది వేసుకునే చోట గడ్డలు లేవు, అయినా 8.9 ఉంది. “మేడమ్, మీరేం చేయమంటారు?” అంతే. నిర్ణయం ఏమైనా, ‘ఇప్పుడే మార్చవద్దు’ అన్నా సరే, కారణంతో సహా షీట్‌లో రాయండి.

నెలాఖరు రిపోర్ట్

యాజమాన్యానికి ఒక పేజీ చాలు. ఒకే మూడు నెలల్లో చేరినవాళ్ళను ఒక జట్టుగా తీసుకుని, ఆ జట్టు చేరినప్పుడు ఎలా ఉంది, ఆరు నెలలకు ఎలా ఉంది, వాళ్ళలో ఎంతమంది మిగిలారు అన్నది చూపించండి. షుగర్ బాగా ఎక్కువున్నప్పుడు చేరినవాళ్ళకు ఎలాగూ కొంత దిగుతుంది. ఆ తగ్గుదలంతా మన గొప్పగా రాసుకోవడం న్యాయం కాదు. పేర్లు, ఫోన్ నంబర్లు ఈ పేజీలో ఉండకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, జబ్బు వివరాలు మనల్ని నమ్మి చెప్పినవి. చేరేటప్పుడే తెలుగులో రాసిన అంగీకార పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఇవ్వండి. జాబితా స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటును మొదటి రోజే ఆపండి.

పేరు తీసేయాల్సి వచ్చినప్పుడు

ఏడాది గడిచేసరికి రిజిస్టర్‌లో పాత పేర్లు పేరుకుపోతాయి. శాతం పెరగాలనో, షీట్ తేలికవ్వాలనో వరుసలు డిలీట్ చేయాలనిపిస్తుంది. ఏ వరుసా డిలీట్ చేయకండి. ‘స్థితి’ అని ఒక కాలమ్ పెట్టి, అందులో ‘చనిపోయారు’, ‘వేరే డాక్టర్ దగ్గరికి మారారు’ అని మాత్రమే మార్చండి. మార్చినవాళ్ళు తమ పేరు, తేదీ, ఎవరు చెబితే మార్చారో రాయాలి. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోవడం స్థితి మార్చడానికి కారణం కాదు. వాళ్ళు ‘తెలియదు’ గడిలోనే ఉండాలి, నెలకోసారైనా జాబితాలో పైకి రావాలి.

కూతురి దగ్గరికని బెంగళూరు వెళ్ళిన ఒక పెద్దాయన పదకొండు నెలలకు తిరిగొచ్చారు. చేతిలో రిపోర్టు లేదు, ఏ మందులు వాడుతున్నారో సరిగా గుర్తు లేదు. పుస్తకం అట్ట మీద నంబరు మాత్రం ఉంది. ఆ నంబరు కొట్టగానే ఆయన వరుస తెరుచుకుంది: వెళ్ళేముందు క్రియాటినిన్ ఎంతో, ఏ సిరంజి వాడేవారో, కుడి పాదంలో స్పర్శ తగ్గిందని నర్సు రాసిన మాట, ఎత్తని తొమ్మిది ఫోన్ల తేదీలు. కుర్చీ వేసి, ముందు చెప్పులు విప్పించి పాదాలు చూశాం.